గేటుకి తువ్వాలు

మా రిసాలి ఇంటి గేటుకి ఈ మధ్య రోజూ పొద్దున్నే ఒక ఎర్ర గళ్ళ తువ్వాలు వేలాడుతోంది. ఆరేసిన తువ్వాలు కాదు, కట్టిన తువ్వాలు. గడియకి రెండు ముళ్ళు వేసి, కొసలు వీధిలోకి కనబడేలా వదిలింది. కట్టేది మా అమ్మ. ఆవిడకి నా పేరు తెలియదు. తన పేరు అడిగితే కొంగు వేలికి చుట్టుకుంటూ ఊరుకుంటుంది. ఏ చెప్పు ఏ కాలిదో తెలియదు. ఆ ముడి మాత్రం చూడకుండా వేస్తుంది. వేసి లోపలికి వచ్చి, పెదాల మీద వేలు పెట్టుకుని, నన్నూ, తనని చూసుకోవడానికి వచ్చే దులారీ దీదీనీ మార్చి మార్చి చూస్తుంది. ఇదివరకు "తొంగున్నాడు" అని గుసగుసగా అనేది. ఇప్పుడు ఆ మాట కూడా పోయింది, వేలు మిగిలింది.

ఈ వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి దాని అర్థం తెలియదు. ఎదురింటి కోడలు రెండుసార్లు ముడి విప్పి, చక్కగా మడతపెట్టి, మీ టవల్ గేటుకే ఉండిపోయింది ఆంటీజీ అని హిందీలో చెప్పి నా చేతికిచ్చి వెళ్ళింది. మంచి పిల్ల. ఆ అమ్మాయికి ఏమని చెప్పను? తెలిసినవాడు ఒక్క పైడిరాజు మావయ్యే. నాన్నతో పాటు స్టీల్ ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ దగ్గర పనిచేసి రిటైరైన మనిషి, మా వెనక వీధిలో ఉంటాడు. ఒకరోజు పాల ప్యాకెట్ కోసం స్కూటర్ మీద వస్తూ ఆ తువ్వాలు చూశాడు. ఇంజను ఆపేశాడు. ఆ వయసులో బండి దిగి, తోసుకుంటూ మా గేటు దాటి, మలుపు దాకా వెళ్ళి అక్కడ మళ్ళీ కిక్కు కొట్టాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మర్నాడు కూరల దగ్గర కనబడినప్పుడు ఆ మాట ఆయనే ఎత్తాడు. "మీ నాన పోయి ఇన్నేళ్ళయిపోనాదని నాకు తెల్దేటి? అయినా ఆ తువ్వాల కనపడీసరికి సెయ్యి దానంతటదే బండి ఆపీసినాదే మణీ" అని నవ్వబోయి, నవ్వలేక, వంకాయలు ఏరుకోవడం మొదలెట్టాడు.

నా చిన్నప్పుడు మేము ఇదే ఊళ్ళో, రుఆబాంధాలో ప్లాంటు వాళ్ళ క్వార్టర్లో ఉండేవాళ్ళం. మా లైన్లో ఒక బిహారీ కుటుంబం, ఒక మలయాళీ నర్సమ్మ, ఇద్దరు సర్దార్లు, మిగతా అంతా పని కోసం ఇంత దూరం వచ్చిన మా విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళు. మగవాళ్ళకి మూడు షిఫ్టులు, వారానికొకటి మారేవి. నైట్ డ్యూటీ వారం వచ్చిందంటే పగలంతా నిద్రపోవాలి. రాత్రంతా ఆ వేడి దగ్గర నిలబడి వచ్చిన మనిషికి పగటి నిద్ర చెడితే మళ్ళీ రాత్రి పనిలో కాలు తూలుతుంది. తూలితే ఏమవుతుందో ఇంటింటా తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. అందుకని ఆ ఇంటి గేటుకి తువ్వాలు కట్టేవారు. తువ్వాలు ఉందంటే లోపల నైట్ డ్యూటీ మనిషి పడుకున్నాడని అర్థం. కూరల బండివాడు ఆ గేటు ముందు కేక మింగేసేవాడు. ఐస్ అమ్మేవాడు గంట నాలుకని చేత్తో పట్టుకుని ఆ ఇల్లు దాటేవాడు. గోలీలాడే పిల్లలు తమంతట తామే పక్క లైన్లోకి పోయేవారు. ఈ పద్ధతి మొదలెట్టింది తనేనని మా అమ్మ, కాదు తనేనని పక్కింటి బిహారీ చాచీ చివరిదాకా వాదించుకున్నారు. ఆ వాదన తువ్వాలు లేని వారాల్లో, గోడకి అటొకరూ ఇటొకరూ నిలబడి, లైనంతా వినేలా జరిగేది.

నాన్న పొద్దున సైకిల్ దిగేసరికి కళ్ళ అంచుల్లో బొగ్గు పొడి కాటుకలా పట్టి ఉండేది. ఎంత రుద్దినా పోయేది కాదు. ఒంటి మీంచి తారు వాసన, స్నానం అయ్యాక తారూ సబ్బూ కలిసిన ఇంకో వాసన. నాకు ఇప్పటికీ ఎక్కడైనా రోడ్డు వేస్తుంటే కాసేపు పక్కన నిలబడాలనిపిస్తుంది. ఉల్లిపాయ నంజుకుంటూ చోడంబలి తాగి, మాతో రెండు మాటలు మాట్లాడి, లోపలి గదిలోకి వెళ్ళిపోయేవాడు. ఆ గది కిటికీ అద్దాలకి అమ్మ మందపాటి నీలం కాగితం అంటించింది. ఎండాకాలంలో దాని మీద తడిపిన గోనెపట్టా కట్టేది, ఆ తడి గోనె వాసన ఇల్లంతా పరుచుకునేది. నాన్న తలుపు దగ్గరగా వేసుకోగానే అమ్మ వెళ్ళి గేటుకి తువ్వాలు కట్టి వచ్చేది. అక్కణ్ణుంచి మా ఇంట్లో మాట బంద్.

మా అమ్మ గొంతు ఎరిగినవాళ్ళు ఈ సంగతి చెబితే నమ్మరు. సూరీడమ్మ కేకేస్తే రెండు లైన్ల అవతల మేస్తున్న మేకలు కూడా తలెత్తి చూస్తాయని నాన్న ఏడిపించేవాడు. అలాంటి మనిషి ఆ వారమంతా అడుగు కూడా వినబడనిచ్చేది కాదు. సిగిడీ పొయ్యిలోకి కావలసిన బొగ్గులు ముందురోజు సాయంత్రమే, నాన్న డ్యూటీకి బయల్దేరేలోపు, కొట్టి పెట్టుకునేది. పప్పు రుబ్బాలంటే గిన్నె పట్టుకుని తువ్వాలు లేని ఇల్లు ఏదో చూసుకుని వెళ్ళేది. అంట్లు తోమేటప్పుడు కింద గోనెసంచి పరిచేది. కుళాయికి ఒక పాత గుడ్డ కట్టేది, నీళ్ళు ఆ గుడ్డ వెంట జారి చప్పుడు లేకుండా బకెట్లోకి దిగేవి. కొత్తగా కొన్న కుక్కర్ కూత వేస్తుందని ఆ వారం దాన్ని అటకెక్కించేది. ఎండుచేపలు కూడా వేయించేది కాదు. చప్పుడు లేకపోయినా నాన్న ఆ వాసనకి లేచి కూర్చునేవాడు.

మరి మాట లేని ఇంట్లో పనులెలా సాగుతాయి? చేతుల మీద సాగేవి. పిడికిలి తిప్పితే కుళాయి కట్టేయమని. పొట్ట మీద చెయ్యి పెట్టి కనుబొమలెగరేస్తే ఆకలేస్తోందా, కడుపు నిండిందా అని. రెండు వేళ్ళు నడిచినట్టు ఆడిస్తే వస్తున్నారని. అరచెయ్యి వెల్లకిలా తిప్పితే ఏదీ, ఎక్కడ అని. తిట్లు కూడా ఉండేవి, అవి రాయను. మనుషులకీ చేతి పేర్లే. నెత్తి మీద అరచెయ్యి బోర్లిస్తే నాన్న, హెల్మెట్ పెట్టుకుంటాడు కాబట్టి. చెవి తమ్మె లాగితే మా తమ్ముడు రాజు, వాడి చెవులు పెద్దవి కాబట్టి. భుజం దగ్గర్నుంచి నడుం దాకా చెయ్యి దించితే నేను. నాకు నడుం దాటిన జడ ఉండేది. అమ్మే కొబ్బరినూనె రాసి బిగించి అల్లేది, ఆ నొప్పికి కూడా నోరు మూసుకునే ఏడవాలి. రాజూ నేనూ ఒకరి మీద ఒకరం చేతులతోనే చాడీలు చెప్పుకునేవాళ్ళం. అమ్మ తీర్పు చేత్తోనే చెప్పేది. శిక్ష కూడా చేత్తోనే వేసేది, చప్పుడు రాని చోటు చూసుకుని. నవ్వొస్తే మాత్రం కష్టంగా ఉండేది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరిగెత్తేది, ఆవిడ వెనకాల మేము.

ఆ వారంలో కలిసి కూర్చుని తినడం కూడా ఉండేది కాదు, కంచాల చప్పుడని. ఎవరి అన్నం వాళ్ళకి పళ్ళెంలో పెట్టి, పైన ఇంకో పళ్ళెం బోర్లించి, వంటింటి గడప పక్కన ఉంచేది. నేను స్కూల్ నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని పెరటి తలుపులోంచి వచ్చేదాన్ని. అమ్మ నన్ను చూడగానే భుజం మీంచి చెయ్యి దించి, పళ్ళెం చూపించేది. మూత చప్పుడు కాకుండా తియ్యడం ఒక విద్య. పప్పన్నం తవ్వుకుంటూ పోతే అడుగున సగం కోడిగుడ్డు దొరికేది. పైన పెడితే రాజు చూసి లాక్కుంటాడని, నీకొక్కదానికే పెట్టానని చేత్తో చెప్పేది. మిగతా సగం రాజు పళ్ళెంలో అడుగున ఉండేదనీ, వాడికీ అలాగే చెప్పేదనీ మా ఇద్దరికీ పెద్దయ్యాక గానీ తెలియలేదు.

సాయంత్రం లోపలి గదిలోంచి దగ్గు వినబడేది. ఇల్లంతా ఆ దగ్గు కోసమే కాచుకుని ఉండేది. అమ్మ వెళ్ళి తువ్వాలు విప్పి భుజాన వేసుకుని, గేటు దగ్గర్నుంచే మొదటి కేక పెట్టేది. "ఒలే మణే, మీ నాన లెగిసినాడు, టీ నీళ్ళెట్టే." పొద్దుటి నుంచి లోపల దాచుకున్న గొంతంతా ఆ ఒక్క కేకలో బయటికొచ్చేది. ఇక కుళాయి, రేడియో, రాజు పేచీ, గోడ దగ్గర చాచీ, అన్నీ ఒక్కసారే మొదలయ్యేవి. నా పేరుని అంత గట్టిగా, అంత హక్కుగా పిలిచినవాళ్ళు నాకు మళ్ళీ దొరకలేదు. ఆ పిలుపు ఇంకొక్కసారి వినాలని ఉంది. గట్టిగా అక్కర్లేదు, గుసగుసగా అన్నా చాలు, మాట లేకుండా చేత్తో అన్నా చాలు. అమ్మ మంచం పక్కన కూర్చున్న ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదొక్కటే.

నాన్న రిటైరయ్యాక రిసాలిలో ఈ ఇల్లు కట్టాడు. చాలా ఏళ్ళు ఇద్దరూ బాగానే ఉన్నారు. నాన్న పోయిన రోజు ఆయన్ని వరండాలో పడుకోబెట్టి అందరం ఏడుస్తుంటే అమ్మ మధ్యలో లేచి వెళ్ళింది. బీరువాలోంచి ఎర్ర తువ్వాలు తీసి, గేటుకి కట్టి వచ్చి, గుండెలు బాదుకుంటున్న మా మేనత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "నెమ్మది వొదినా. రేత్రంతా డూటీ సేసొచ్చి ఇప్పుడే తొంగున్నాడు" అంది. అది విని అప్పటిదాకా ఏడవనివాళ్ళు కూడా ఏడ్చారు. ఎంత ప్రేమ అన్నారు. కోక్ ఓవెన్ ముసలివాళ్ళు తువ్వాలు చూసి స్కూటర్లు వీధి చివరే ఆపి, నిశ్శబ్దంగా నడిచి వచ్చి దండం పెట్టి వెళ్ళారు. ఆ తువ్వాలు జబ్బు మొదలని మా ఎవరికీ తట్టలేదు. ఇంకో ఊళ్ళో అయితే ఎవరో ఒకరు అడిగేవారు, ఈవిడ గేటుకి తువ్వాలెందుకు కడుతోందని, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని. మాకు అడగాల్సిన అవసరం కనబడలేదు. దాని అర్థం మాకు మరీ బాగా తెలుసు. అందుకే ఆ తర్వాత అప్పుడప్పుడూ కడుతున్నా దుఃఖం అనుకుని ఊరుకున్నాం, చాలా కాలం ఊరుకున్నాం.

తర్వాత చారులో ఉప్పు రెండుసార్లు పడటం మొదలైంది. ఒకరోజు బజారుకెళ్ళి ఇల్లు కనుక్కోలేక ఆటో ఎక్కి రుఆబాంధాలో మా పాత క్వార్టరుకి వెళ్ళిపోయింది. అక్కడున్నవాళ్ళు మంచివాళ్ళు, కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు. "మీరెవులు, మా ఇంట్లో ఏటి సేస్తన్నారు" అని వాళ్ళనే నిలదీసిందట. అప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు అల్జీమర్స్ అన్నాడు. నేను అప్పటికి స్కూల్లో పాఠాలు చెప్పే ఉద్యోగం నుంచి రిటైరై, మావారు పోయి, కూతురు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయి, ఒక్కదాన్నే ఉంటున్నాను. సామాను సర్దుకుని అమ్మ దగ్గరికి వచ్చేశాను. పగలు సాయానికి పక్కనున్న ఉతై నుంచి దులారీ దీదీ వస్తుంది. నాకంటే కాస్త చిన్నది, కబుర్ల పోగు. ఆవిడ "దాయీ, భాత్ ఖాలే" అని అన్నం తినమని బతిమాలితే మొదట్లో అమ్మ హిందీలో జవాబిచ్చేది. కొన్నాళ్ళకి ఇదేటంటుంది అన్నట్టు నా వైపు చూడటం మొదలెట్టింది. అలా ముందు హిందీ పోయింది. తర్వాత పేర్లు పోయాయి. తర్వాత తెలుగు, ఒక్కో మాటా. నన్ను కొన్నాళ్ళు వొదినా అంది, కొన్నాళ్ళు నర్సమ్మా అంది. ఒకరోజు ఎంతో మర్యాదగా "ఎవులమ్మా మీరు, కూకోండి" అంది. మీరు అనిపించుకున్న ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మాటలన్నీ అయిపోయాక ఒక మధ్యాహ్నం అమ్మ నా చెయ్యి తట్టి పిడికిలి తిప్పింది. నాకు చప్పున అర్థం కాలేదు. ఏదో అడుగుతోందని మంచినీళ్ళిచ్చాను, వద్దని తోసేసి మళ్ళీ తిప్పింది. అప్పుడు వినబడింది, పెరట్లో కుళాయి కారుతోంది. కట్టేసి వచ్చి ఆవిడ పాదాల దగ్గర కూలబడిపోయాను. అన్నీ పోయాయనుకున్న మనిషిలో మా నైట్ డ్యూటీ భాష అలాగే ఉంది. ఆ రోజు నుంచి ఇంట్లో మళ్ళీ చేతులే మాట్లాడుతున్నాయి. దులారీ దీదీ కూడా వారం తిరక్కుండా నేర్చేసుకుంది, అందులో తిట్లు మరీ శ్రద్ధగా నేర్చుకుంది. కానీ అప్పటికీ ఇప్పటికీ ఒక తేడా ఉంది. అప్పటి మౌనం సాయంత్రానికి అయిపోయేది. అది ఒక మనిషి నిద్ర కోసం ఇంటిల్లిపాదీ చేసిన పని, అందులో ఒక ఆట ఉండేది, చివర్లో ఒక కేక ఉండేది. ఇప్పుడు దగ్గేవాళ్ళు లేరు. అయినా నేను పొద్దు వాలాక వెళ్ళి తువ్వాలు విప్పుతాను. విప్పి, అలవాటు కొద్దీ, గేటు దగ్గర కాసేపు నిలబడతాను. లోపలికి వచ్చేసరికి అమ్మ గోడ కేసి చూస్తూ ఉంటుంది.

ఈ సేవ గురించి గొప్పగా రాయాలని నాకు లేదు. విసుగొస్తుంది. దుప్పట్లు ఉతికీ ఉతికీ చేతులు పాసిపోయాయి. ఒక్కోసారి ముద్ద నోట్లో పెడితే ఉమ్మేస్తుంది, నా మీద, సరిగ్గా నేను చీర మార్చుకున్నాకే. స్నానం అంటే భయం. నీళ్ళు మీద పడగానే ఏది దొరికితే అది పట్టుకుని లాగుతుంది, ఎక్కువగా నా జడే దొరికేది. తెల్లబడినా నా జడ నడుం దాకా ఉండేది, ఆ ఒక్కదాని మీద నాకు గర్వం ఉండేది. రెండుసార్లు తడి నేల మీద ఇద్దరం పడబోయాం. ఆ తర్వాత వెళ్ళి మెడ దగ్గరికి కత్తిరించేసుకున్నాను. దులారీ దీదీ కొత్త తల చూసి ముసిముసిగా నవ్వింది. అమ్మ మాత్రం ఆ పూట నన్ను చూసి మంచం మీద వెనక్కి జరిగింది. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకున్నాను.

పోయిన నెల రాజు వచ్చాడు. నాగపూర్‌లో ఉంటాడు, రైల్వేలో పని, ఏడాదికి ఒకటో రెండో సార్లు వస్తాడు. సంచీ వాకిట్లోనే పడేసి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. అమ్మ వాడి మొహంలోకి చూసింది. చూసి చూసి, చెయ్యి ఎత్తి, తన చెవి తమ్మె పట్టుకుని లాగింది. వాడి జుట్టు ఊడింది, పొట్ట వచ్చింది, చెవులు మాత్రం అవే. "చూసినావా అక్కా, పహచాన్ లియా. అమ్మ నన్ను పోల్చీసినాది" అని ఆవిడ ఒళ్ళో మొహం పెట్టుకుని ఏడ్చాడు. అమ్మ వాడి వీపు నిమురుతోంది. నాకూ కళ్ళనీళ్ళొచ్చాయి, కానీ అవి వాడి సంతోషానికి వచ్చినవి కావు. రోజూ ముద్ద కలిపి పెట్టేదానికి పేరు లేదు, పండక్కి వచ్చినవాడికి ఉంది. వంటింట్లోకి వెళ్ళి, కూరకి అక్కర్లేకపోయినా, రెండు ఉల్లిపాయలు తరిగాను.

సాయంత్రం టీ తాగుతూ రాజు మెల్లిగా మొదలెట్టాడు. "అక్కా, అమ్మని నా కాడికి తీసుకెళ్ళిపోతాను. నన్ను పోల్చినాది కదా, అక్కడైతే కాస్త ఠీక్ అవుద్దేమో. నీకూ ఆరామ్ ఉంటాది. ఎన్నాళ్ళిలగ ఒక్కర్తివీ."

"ఆ జబ్బు తగ్గేది కాదురా."

"తగ్గకపోనీ. నా మొకం సూసి నవ్వతంది కదా."

వాడు నన్ను పొడవడానికి అనలేదు. వాడికి ఆ తెలివి లేదు, చిన్నప్పటి నుంచీ లేదు. ఆలోచిస్తానన్నాను. నిజానికి ఆలోచించడం అప్పటికే అయిపోయింది. తీసుకెళ్ళనీ అనుకున్నాను. పోల్చుకోని మనిషి దగ్గర ఉంటేనేం, లేకపోతేనేం. అన్నం పెట్టే చెయ్యి ఏదైతేనేం ఆవిడకి. రాత్రి అమ్మ చీరలు ఏవేవి పంపాలో కూడా మనసులో ఏరుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అమ్మకి తినిపించడం అయిపోయింది. రాజు వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు, నేను మా ఇద్దరికీ వడ్డించబోతున్నాను. దులారీ దీదీ ఉడకబెట్టిన గుడ్లు గట్టు మీద గిన్నెలో ఉన్నాయి. అమ్మ గోడ పట్టుకుని లోపలికి వచ్చింది. వంటింట్లోకి తనంతట తాను వచ్చి ఎన్నో నెలలైంది. పట్టుకోబోయిన రాజుని ఆగమని సైగ చేశాను. అమ్మ ఒక పళ్ళెం తీసుకుంది. అన్నం గిన్నెలోంచి చేత్తోనే తీసి పెట్టింది, సగం కింద పడింది. ఒక గుడ్డు తీసుకుని వేళ్ళతో రెండు చేసింది. సగం రాజు చేతిలో పెట్టింది. రెండో సగం పళ్ళెంలో అన్నం కిందకి, లోపలికంటా, వేలితో తోసింది. పైన ఇంకో పళ్ళెం చప్పుడు కాకుండా బోర్లించి, వంగలేక వంగి, గడప పక్కన పెట్టింది. అప్పుడు లేచి నిలబడి నా వైపు తిరిగింది. భుజం దగ్గర్నుంచి నడుం దాకా చెయ్యి దించింది. దించి, అరచెయ్యి వెల్లకిలా తిప్పింది. కనుబొమలు పైకి లేచి ఉన్నాయి.

నా జడ పిల్ల ఏదీ, ఇంకా రాలేదేం అని నన్ను అడుగుతోంది.

ఇన్నాళ్ళూ నన్ను మరిచిపోయిందనుకున్నాను. మరిచిపోలేదు. రోజూ ఎదురు చూస్తోంది. ఎదురుగా నిలబడ్డ ఈ కురచ జుట్టు ముసలమ్మ ఆ పిల్ల అని మాత్రం ఆవిడకి తెలియదు. రాజుకి అర్థమైంది. వాడు పీట మీంచి లేచి, నా భుజం పట్టుకుని, "అమ్మా, ఇదిగో..." అనబోయాడు. నేను పెదాల మీద వేలు పెట్టాను. వాడు ఆగిపోయాడు, ఎన్నేళ్ళయినా ఆ వేలికి మా ఇద్దరికీ నోరు మూతపడుతుంది. ఇది నీ కూతురు అని చెబితే అమ్మ నమ్మదు, భయపడుతుంది, ఆ పిల్లకి ఏమైందోనని కంగారు పడుతుంది. అందుకని రెండు వేళ్ళు నడిచినట్టు ఆడించాను. వస్తోంది. అమ్మ తలూపింది. లోపలి గది వైపు చూపించి, నెత్తి మీద అరచెయ్యి బోర్లించి, పెదాల మీద వేలు పెట్టింది. నాన్న పడుకున్నాడు, చప్పుడు చెయ్యకుండా రమ్మను దాన్ని. సరేనన్నాను.

అమ్మని పడుకోబెట్టి వచ్చాక రాజు గుడ్డు సగం ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. "ఎక్కడికీ వద్దురా" అన్నాను. "ఆ పిల్ల స్కూల్ నుంచి వచ్చేది ఇక్కడికే కదా." వాడు ఆ సగం గుడ్డు నోట్లో పెట్టుకున్నాడు. సాయంత్రం బండికి ఒక్కడే వెళ్ళాడు. నేను గడప పక్కన కూర్చుని మూత తీశాను. కూర లేదు, పప్పు లేదు, ఒట్టి అన్నం. అడుగున గుడ్డు ఉంది. అంతా తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను, చప్పుడు రాకుండా. పళ్ళెం కడక్కుండా మళ్ళీ మూత పెట్టి అక్కడే ఉంచాను.

పొద్దు వాలేసరికి అమ్మ లేచింది. దులారీ దీదీ చెయ్యి పట్టుకుని వంటింటి దాకా నడిచి, మూత తీసి చూసింది. నా వైపు తిరిగి భుజం మీంచి చెయ్యి దించింది, ఆ చెయ్యే పొట్ట మీద పెట్టింది. తిందా, దాని కడుపు నిండిందా. నిండిందని చెప్పాను. అమ్మ నా దగ్గరికి వచ్చి మొహంలోకి చాలాసేపు చూసింది. ఎవరో ముక్కూమొహం తెలియని ఆడమనిషి, తన ఇంట్లో ఉండి, తన పిల్లకి అన్నం అందేలా చూసింది. రెండు చేతులూ జోడించి అమ్మ నాకు దండం పెట్టింది.